జనవరి నుంచి చెప్పు

నాకు ముప్ఫై కూడా నిండలేదు, అయినా ఒక పని నుంచి రిటైరయ్యాను. వయసు మీద పడి కాదు, సిగ్గుపడి. ఆ పని ట్యాక్స్ రిటర్నులు చేయడం.

ఈ మధ్య కెనడాలో దిగిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ నాకు ఇప్పటికీ మెసేజ్ పెడుతుంటారు. "అక్కా, జాబ్ ఉంది, పక్కన డెలివరీ కూడా చేస్తున్నా. ఆ పెన్షన్ కోత తప్పించుకునే దారి ఏమన్నా ఉందా?" అని. ఒక్కొక్కరికీ విడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక నాకు లేదు. అందుకే అందరికీ కలిపి ఇది రాస్తున్నాను. చివరిదాకా చదవండి. స్క్రీన్‌షాట్ తీసి సగం చదివితే నాలాగే తయారవుతారు.

టొరంటో శివార్లలో, ఎటోబికోలో, ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో, డ్రైవింగ్ స్కూలుకీ షవర్మా కొట్టుకీ మధ్య ఇరుక్కున్న రెండు బల్లల ఆఫీసు మాది. మన స్టూడెంట్లు విమానాల కొద్దీ దిగుతున్న రోజులవి. దిగినవాళ్లలో నేనూ ఒకదాన్నే. దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగాను, ఎవరి మాటా పడే అలవాటు లేదు. కాలేజీలో అకౌంటింగ్ చదువుతూ ఆ ఆఫీసులో పార్ట్‌టైమ్ చేరాను. ఒక బల్ల నాది, ఇంకోటి ఆంటీది.

ఆంటీ అంటే ఆఫీసు ఓనరు. అరవై దాటిన మనిషి. నరసాపురం వైపు నుంచి ఎప్పుడో వచ్చారు. ఎంత ట్యాక్స్ సీజనైనా ఆదివారం ఆఫీసు తెరిచేవారు కాదు, చర్చికి వెళ్లాల్సిందే. "మేడమ్ అనకమ్మా, స్కూల్లో ఉన్నట్టుంటది" అని మొదటి రోజే చెప్పారు. ఆవిడ వెనకాల ఫైళ్ల బీరువా మీద ఒక పాత టాక్సీ దీపం ఉండేది, కారు పైకప్పు మీద వెలుగుతుందే, అది. షోకు కోసం పెట్టుకున్నారనుకున్నాను. దానికి ఫోన్ ఆనించి చార్జింగ్ పెట్టుకునేదాన్ని.

ఆంటీ పని చేసే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండేది. క్లయింట్ వచ్చి కూర్చోగానే కాగితాలు తీసుకునేవారు కాదు. కంప్యూటర్ కూడా ముట్టుకునేవారు కాదు. చేతులు కట్టుకుని, "ఊ, జనవరి నుంచి చెప్పు" అనేవారు. జనవరిలో ఎక్కడ పని చేశావు, ఫిబ్రవరిలో ఏమైంది, జూన్‌లో ఇల్లు మారావా, డిసెంబర్‌లో బిడ్డ పుట్టిందా. మనిషి ఏడాదంతా నోటితో చెప్పాకే ఫైలు తెరిచేవారు. ఒక్కో రిటర్నుకి గంట.

నాకు ఎనిమిది నిమిషాలు. వాట్సాప్‌లో కాగితాల ఫొటోలు పెట్టమనేదాన్ని, ఫోన్లోనే చూసి కొట్టేసేదాన్ని. నా రిటర్నుల్లో రిఫండ్లు కూడా బాగా వచ్చేవి. మన స్టూడెంట్ గ్రూపుల సంగతి మీకు తెలిసిందే. రిఫండ్ పడగానే స్క్రీన్‌షాట్ పెట్టాలి. "నాకింత పడింది, నీకెంత?" అని. ఎవరు చేస్తే ఎక్కువ పడితే వాళ్లే గొప్ప. అలా నాకు 'రిఫండక్క' అని పేరొచ్చింది. ఆ పేరంటే చచ్చేంత ఇష్టంగా ఉండేది.

ఇప్పుడు ఆ కోత సంగతి ఒక్కసారి చెప్తాను, మళ్లీ చెప్పను. ఉద్యోగం చేస్తే మీ జీతంలోంచి పెన్షన్‌కి కొంత కోస్తారు, అంతే మొత్తం మీ యజమాని కలుపుతాడు. మీది మీరే డెలివరీయో క్యాబో నడిపితే కూలీ మీరే, యజమానీ మీరే. అందుకని రెండు వాటాలూ మీరే కట్టాలి, అదీ రిటర్ను వేసేటప్పుడు ఒక్కసారిగా. ఒకే ఏడాదిలో రెండూ చేస్తే రెండు సంపాదనలూ కలిపి చూస్తారు. జీతంలో ఎంత కోశారో చూసుకుని, మిగతాది మీ సొంత లాభం మీద వేస్తారు. ఆ లాభం తక్కువ చూపిస్తే కోతా తగ్గుతుంది. నా రిఫండ్ల రహస్యం ఇంతే. ఖర్చులు ఉబ్బించి లాభాన్ని సున్నా దగ్గరికి తెచ్చేదాన్ని.

ఆ సీజన్లో ఒక అన్న వచ్చాడు. తెనాలి మనిషి. భార్య గ్వెల్ఫ్‌లో చదువుతోంది, ఈయన ఆమె వెంట, ఎక్కడైనా పని చేసుకోనిచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్ మీద వచ్చాడు. అక్కడే కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేరాడు. మూడేళ్ల పాప. తెలుగువాళ్లు చేస్తారంటే అంత దూరం నుంచి బండేసుకుని వచ్చాడు. ఆంటీ ఎవరితోనో ఉంటే నా బల్ల ముందు కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, రిఫండక్క అంటే నువ్వేనా?"

"నేనే అన్నా. పేపర్లు వాట్సాప్ చేయి."

"ఫ్యాక్టరీ కాగితం ఒకటుంది. మిగతాదంతా డెలివరీ. మా చుట్టుపక్కల మనోళ్లందరికీ నువ్వు తెప్పించావంట. నాకూ అట్టానే తెప్పియ్యాల మరి."

తెప్పించాను, స్క్రీన్ మీద. పెట్రోలు, టైర్లు, ఫోను, బేస్‌మెంట్ అద్దెలో సగం. ఇంట్లో ఆఫీసు గది ఉందని కూడా రాశాను. ఆ ఇంట్లో ఉన్నది ఒకే గది. డెలివరీ చేసేవాడికి ఆఫీసు గది ఎందుకో నాకే తెలియదు. పెన్షన్ కట్టాల్సిన గడిలో సున్నా వచ్చింది. అన్న మొహం వెలిగిపోయింది. సంతకానికి మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

ఆ ఆఫీసులో ఏ రిటర్నూ ఆంటీ చూడకుండా బయటికి పోదు. మర్నాడు ఆవిడ ఆ ఫైలు తెరిచి నన్ను పిలిచారు.

"ఏమ్మాయ్, ఇతను ఫ్యాక్టరీలో ఎన్నాళ్లు చేశాడు?"

"పేపర్లో ఉంది కదా ఆంటీ."

"ఎంతొచ్చిందో ఉంది. ఎన్నాళ్లో లేదు. అడిగావా?"

అడగలేదు. ఆంటీ అతనికి ఫోన్ చేసి అడిగారు, జనవరి నుంచి. ఫిబ్రవరి మొదటి వారంలోనే ఫ్యాక్టరీలో తీసేశారట. అంటే ఆ ఏడాదిలో అయిదారు వారాలే జీతం. మిగతా పది నెలలూ డెలివరీయే. నేను ఆ పది నెలల్నీ మాయం చేసేశాను.

ఆంటీ నిజమైన ఖర్చులు మాత్రమే ఉంచి మళ్లీ లెక్క కట్టారు. రిఫండ్ పోయింది సరే, ఎదురు కట్టాల్సి వచ్చింది. శుక్రవారం సాయంత్రం అన్న సంతకానికి వచ్చి ఆ కాగితం చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఏందమ్మా ఇది? తెప్పిస్తారంటే వస్తిని, తీసుకుంటారా?"

"కూర్చో బాబూ. ఇది ఎక్కడికీ పోదు, నీ పేరు మీదే ఉంటది."

"నాకు ముసలితనం వచ్చేదాకా ఈ దేశంలో ఉంటానో పోతానో! ఆ కాగితం మీ దగ్గరే పెట్టుకోండి." తలుపు ధడేలున వేసి వెళ్లిపోయాడు.

అప్పుడు మొదలుపెట్టాను నేను.

"ఏంది ఆంటీ ఇది? నా క్లయింట్‌ను నా ముందే పోగొడ్తారా? గ్రూపుల నా ఇజ్జత్ ఏం కావాలె?"

"ఇజ్జత్ కోసం ఇంకొకడి ఏడాది తీసేస్తావా?"

"పెన్షన్ అంటే అరవై అయిదేళ్లకు ఆంటీ! ఆయనకు ముప్ఫై ఆరు. గవర్నమెంట్‌కు మీరెందుకు వసూలు చేసి పెడ్తున్నరు? నా రిటర్నుకు కూడా ఇట్లనే చేసిండ్రు. నేను వీకెండ్ డెలివరీ చేసుకున్న డబ్బుల మీద కూడా కట్టిచ్చిండ్రు."

నిజమే, నేనూ రెండు పడవల మీద కాళ్లు పెట్టినదాన్నే. ఆంటీ దగ్గర ఉద్యోగం, శని ఆదివారాలు డెలివరీ. ఆంటీ నా వైపు చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇంటికెళ్లి అన్నం తినమ్మా" అన్నారు.

ఆ మాటకి నాకు ఇంకా మండింది. బ్యాగ్ తీసుకుని బయటపడ్డాను. బస్‌స్టాప్‌లో నిలబడి రెండు పనులు చేశాను. ఒకటి, స్టూడెంట్ గ్రూపులో ఆంటీ మీద ఒక వెటకారం పోస్టు పెట్టాను. నలభై మంది నవ్వారు. రెండోది, నేను చేసిన సున్నా రిటర్ను పీడీఎఫ్‌ని అన్నకి వాట్సాప్ చేశాను. "అన్నా, ఇది నా వెర్షన్. వేరే ఎక్కడైనా ఫైల్ చేయించుకో." రెండు టిక్కులూ నీలమయ్యాయి. జవాబు రాలేదు.

మళ్లీ ఆ ఆఫీసుకి వెళ్లలేదు. చదువు అయిపోయింది, ఇక్కడే స్థిరపడే పీఆర్ సులువుగా వస్తుందని ఎవరో అంటే విమానమెక్కి రెజైనా వచ్చి పడ్డాను. ఇక్కడ ఒక ప్రభుత్వ ఆఫీసులో చిన్న కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. ఆంటీ పెట్టిన చివరి మెసేజ్ చాలాకాలం అలాగే ఉంది. "నీ ఆఖరి జీతం చెక్కు, నీ గొడుగు నా దగ్గరున్నాయి." చెక్కు పోస్టులో వచ్చింది. గొడుగు కోసం నేను అడగలేదు.

రెండేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆఫీసులో భోజనానికి కూర్చున్నప్పుడు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడ గొంతు. గ్వెల్ఫ్ అన్న భార్యనని చెప్పింది.

అన్నకి రెండు కిడ్నీలూ పోయాయి. బీపీ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఒకరోజు పనిలో పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఇంకా అక్కడే ఉన్నాడు. ఇక మీద వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉద్యోగం చేసే పరిస్థితి లేదు.

"ఇక్కడ సోషల్ వర్కర్ చెప్పిందండీ," అంది ఆమె. "పెన్షన్ ప్లాన్‌లోనే పని చేయలేనివాళ్లకి నెల నెలా ఇస్తారంట. పాపక్కూడా వేరేగా ఇస్తారంట. కానీ చివరి ఆరేళ్లలో నాలుగేళ్లు కట్టి ఉండాలంట. మేం వచ్చి పని చేసింది సరిగ్గా నాలుగేళ్లే."

చెంచా పక్కన పెట్టాను. ఆమె ఏం అడగబోతోందో నాకు అర్థమైంది.

"ఆయన ఫోన్లో మీరు పంపిన కాగితం ఉంది. పెన్షన్ అన్న చోట సున్నా ఉంది. ఈ సున్నా మీరు వేసిందేనా?"

"అవును వదినా."

"ఇదే ఫైల్ చేశారా?"

"నాకు తెల్వదు."

"తెలియదంటే ఎట్టా అమ్మా? పంపింది మీరే కదా?"

ఒక ఏడాది లెక్కలోకి రావాలంటే ఆ ఏడాది సంపాదన ఒక గీత దాటాలి. అయిదారు వారాల ఫ్యాక్టరీ జీతం ఆ గీతకి చాలదు. డెలివరీ పది నెలలూ కాగితం మీద ఉంటేనే ఆ ఏడాది బతుకుతుంది. నా పీడీఎఫ్ ఎక్కడో ఫైలై ఉంటే ఆయనకి ఉన్నది మూడేళ్లే. దాన్ని ఇప్పుడు సరిదిద్దబోతే, మనిషి ఆసుపత్రిలో పడ్డాక రెండేళ్ల కిందటి సంపాదన ఎందుకు గుర్తొచ్చిందని వంద ప్రశ్నలొస్తాయి.

"ఆయన్ని అడిగారా?" అన్నాను.

"ఇంకా పూర్తిగా తెలివిలోకి రాలేదు. కదిలించొద్దన్నారు. ట్యాక్స్ అకౌంట్ పాస్‌వర్డులన్నీ ఆయనకే తెలుసు. ఇది రాకపోతే మేం సర్దుకుని వెళ్లిపోవాల్సిందేనమ్మా. అక్కడ మాకు వారానికి మూడుసార్లు ఎవరు చేయిస్తారు?"

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ గొంతు పెంచేదాన్ని, నాకు తెలిసిన విద్య అదే. ఆమె ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతుంటే, కనుక్కుని చెప్తానని మాత్రం అన్నాను.

ఫోన్ పెట్టేసి చాట్ వెనక్కి తిప్పాను. బస్‌స్టాప్‌లో నిలబడి పంపిన పీడీఎఫ్. రెండు నీలం టిక్కులు. నా ఫోన్‌ని విసిరికొట్టాలనిపించింది అదే మొదటిసారి.

ఆంటీకి చేశాను. రెండేళ్ల తర్వాత. ఎత్తరనుకున్నాను. రెండో రింగుకే ఎత్తారు.

"ఏమ్మాయ్."

జరిగింది గడగడా చెప్పేసి, "ఆయన మళ్లీ వచ్చిండా ఆంటీ? ఏది ఫైలయింది?" అన్నాను.

"అది అతని కాగితం. నీకు చెప్పకూడదు."

"ఆంటీ, ప్లీజ్!"

"అరవకు. నువ్విప్పుడు నా ఆఫీసు మనిషివి కాదుగా. ఆ అమ్మాయి ఆసుపత్రిలోనే ఉందా? అతను కళ్లు తెరిచినప్పుడు నాకు ఫోన్ చేయమను. ఎప్పుడైనా సరే. అతని నోటితో 'ఊ' అంటే చాలు, ఆ అమ్మాయికి అన్నీ చెప్తాను."

రూలు రూలే ఆవిడకి. అప్పుడు కూడా కోపమొచ్చింది నాకు. కానీ ఆ కోపం ఎవరి మీదో నాకు తెలుసు.

ఆంటీ నంబరూ ఆవిడ చెప్పిన మాటా వదినకి పంపాను. ఆ రోజూ మర్నాడూ ఫోన్ అరచేతిలోంచి దింపలేదు. స్నానానికి వెళ్తే బయట సింకు మీద పెట్టి, నీళ్లు ఆపి ఆపి విన్నాను. గ్రూపులో ఎవరో రిఫండ్ స్క్రీన్‌షాట్ పెట్టారు. చూడబుద్ధి కాలేదు. మూడో రోజు వదిన నుంచి వీడియో కాల్ వచ్చింది. తెర మీద ఆమె లేదు. మంచం మీద అన్న ఉన్నాడు, సగమైపోయి, మెడ దగ్గర ట్యూబుతో.

"రిఫండక్కా, బాగున్నావా?"

"అన్నా..."

"ఏడవబాక. మా ఆవిడ ఏడ్చిన ఏడుపు చాల్లే. ఉంది. ఆ సంవత్సరం ఉంది."

ఎలా ఉందని అడిగాను.

మెల్లగా ఆగి ఆగి చెప్పాడు. ఆ శుక్రవారం తలుపు ధడేలున వేసి వెళ్లినవాడు, నా పీడీఎఫ్ చూసుకుని, వేరే ఎక్కడైనా వేయించేద్దామనే అనుకున్నాడు. శనివారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారట. "బాబూ, కాగితం సంగతి తర్వాత. కాసిని టీ తాగి పో, చాలు" అని. ఊరికే రమ్మంటే కాదనలేక వెళ్లాడు.

"బీరువా మీద టాక్సీ దీపం గుర్తుందా చెల్లెమ్మా? అది తీసి నా ముందు పెట్టింది. మా ఆయనది అంది. పగలు స్కూల్లో క్లీనింగ్ ఉద్యోగం, సాయంత్రాలు ఎయిర్‌పోర్టు టాక్సీ. ఉద్యోగం కాగితం మీద ఉంది, టాక్సీ సంపాదన ఎన్నడూ చూపించలా. పోయింది యాభై ఒకటో ఏట. ఆమెకొచ్చే విధవ పెన్షన్ ఆ క్లీనింగ్ ఉద్యోగానికి తగ్గట్టు లెక్క కట్టారంట. ఇరవై రెండేళ్లు బండి నడిపాడు బాబూ, కాగితం మీద ఒక్క కిలోమీటరు కూడా నడపలా, అంది. ఆ మాట అన్నాక నాకు నోరు లేస్తదా? సంతకం పెట్టా."

"మరి వదినకు చెప్పలేదా?"

"రిఫండు తెస్తానని ఎల్లి, కట్టి వచ్చానని ఏ మొహంతో చెప్పను?" అని నవ్వబోయి దగ్గాడు. "తర్వాత దొరికిన ఉద్యోగంలో ఓవర్‌టైమ్ చేసి కొంచెం కొంచెంగా కట్టుకున్నాలే."

నేను సారీ చెప్పాను. జీవితంలో అంత మామూలు గొంతుతో ఎవరికీ సారీ చెప్పలేదు. "నువ్వు పంపితే మాత్రం, వేసుకోబోయింది నేనే గదా. చెరి సగం," అన్నాడు.

కొన్ని నెలలకి మంజూరు ఉత్తరం వచ్చింది. నాలుగేళ్లూ ఒప్పుకున్నారు. నెల నెలా ఆయనకీ, పాపకీ వస్తోంది. వదిన ఉద్యోగంలో చేరింది. అన్న ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో ఉన్నాడు. మన దేశం కాని దేశంలో, పని చేయలేని మనిషిని నెల నెలా పేరు పెట్టి తలుచుకునే ఏర్పాటు ఒకటి ఉందంటే, నేను తిట్టిన ఆ కోత వల్లే. దాంట్లో నావీ నాలుగు డబ్బులున్నాయి, ఆంటీ పుణ్యమా అని. నా సొంత పెన్షన్ లెక్క ఫోన్లో తెరిచి చూసుకున్నాను. నేను గొంతు చించుకున్న ఆ ఏడాది ఎదురుగా ఉన్నది సున్నా కాదు.

అదే వేసవిలో టొరంటో వెళ్లాను. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా ఆఫీసుకి. షవర్మా వాసన అలాగే ఉంది. తలుపు పక్కన నా గొడుగు అదే మూల నిలబెట్టి ఉంది. బీరువా మీద దీపం ఉంది. నేను అన్నాళ్లు దానికి ఫోన్ ఆనించిన చోట రంగు కాస్త గీసుకుపోయి ఉంది. వేలితో తడిమితే తగిలింది.

దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. గ్రూపులో పెట్టిన పోస్టు గురించీ, ఆ పీడీఎఫ్ గురించీ.

"ఆంటీ, ఆ రోజు నేను గ్రూపుల..."

"చూశాన్లే. నా గురించి జోకు బానే రాశావు. మా చర్చి పిల్లలే చూపించారు." కళ్లద్దాల మీంచి చూశారు. "రెండేళ్లు మనిషి ఉందో లేదో తెలియదు. చిక్కిపోయావేంటి? తింటున్నావా?"

"తింటున్న ఆంటీ."

జేబులో ఫోన్ మోగింది. మోగనిచ్చాను. ఆంటీ కంప్యూటర్ పక్కకి జరిపి, క్లయింట్ల కుర్చీ నా వైపు తోసి, చేతులు కట్టుకున్నారు.

"కూర్చో. ఊ, జనవరి నుంచి చెప్పు."